లచ్చన్న మోచేయి

4 ఫిబ్రవరి 1977, శుక్రవారం

ఈ పుస్తకం అల్లుడిది. రోడ్డు కొలతలు రాసుకోమని కంపెనీ ఇచ్చింది. మొదటి నాలుగు పేజీల్లో కల్వర్టులున్నాయి. ఐదో పేజీ నుంచి నేను.

అక్టోబరులో పురుడు పోయడానికి వచ్చాను. మూడు నెలలన్నారు. పురుడైంది, బారసాలైంది, మనవడికి మెడ నిలిచింది. నా పాస్‌పోర్టు మాత్రం మస్కట్‌లో హెడ్డాఫీసు బీరువాలోంచి కదలలేదు. ఏదో ముద్ర పడాలట. ముద్ర వేసేవాడు సెలవులో ఉన్నాడట. "వచ్చే వారం అత్తయ్యా" అంటాడు అల్లుడు. ముప్ఫై రెండేళ్ళు ఆడపిల్లల బడిలో లెక్కలు చెప్పినదాన్ని, ఇతని వారానికి ఎన్ని రోజులో నాకే తేలడం లేదు.

ఇబ్రి ఊరు ఇక్కడికి పన్నెండు మైళ్ళు. క్యాంపులో మావి ఆరు రేకుల క్యాబిన్లు, చుట్టూ తీగె కంచె. కంచె దాటాలంటే బండి కావాలి, బండికి డ్రైవరు కావాలి, డ్రైవరుకి డ్యూటీ చీటీ కావాలి, చీటీ మీద సంతకం పెట్టాల్సిన ముదీర్, అంటే ఇక్కడి పెద్ద దొర, ఎప్పుడూ సైట్‌లోనే ఉంటాడు. అందుకని కంచె దాకా నడిచి వస్తుంటాను. నా నడకలో నిడివి అరవై అడుగులు, వెడల్పు నలభై ఎనిమిది. మూల నుంచి మూలకి నడిస్తే డెబ్భై ఏడు దాకా వస్తుంది. విహారానికి వెళ్ళాలనిపించినప్పుడు అలా నడుస్తాను.

శుక్రవారం సెలవు కనక పొద్దున్నే కంచె అవతల క్రికెట్. గులకరాళ్ళ నేల, నడుమ సిమెంటు పలక, దాని మీద కొబ్బరిపీచు చాప. లెక్క రాసేవాడెవడో ఐదు బంతులకే ఓవరు ముగించాడు. చూస్తూ ఊరుకోలేక కంచెలోంచే కేకేశాను. ఇరవై రెండు మంది తిరిగి చూశారు. కెప్టెన్ మా అల్లుడే. సిగ్గుపడి చచ్చాడు. పది నిమిషాల్లో మడత బల్ల, కుర్చీ, స్కోరు పుస్తకం కంచె లోపలికి వచ్చాయి. మావారు సికింద్రాబాదు రైల్వే మైదానంలో అంపైరింగ్ చేసిన పద్దెనిమిదేళ్ళూ పుస్తకం నాదేనని అతనికి అప్పుడు గుర్తొచ్చింది కాబోలు.

నా బల్ల సరిగ్గా పిచ్‌కి పక్కన పడింది. బౌలరు చేయి అడ్డంగా కనిపించే చోటు.

లచ్చన్న అని ఒక కుర్రవాడు వేశాడు. ఇరవై ఏళ్ళుంటాయి. కరీంనగర్ వైపు ఊరు. రాళ్ళు పిండి చేసే క్రషర్ మీద డ్యూటీ. వట్టి కాళ్ళతో గులకరాళ్ళ మీద పరిగెత్తి వచ్చాడు. మూడు వికెట్లు. చివరి వికెట్ పడిన బంతిని నేను చూడలేదు. పుస్తకం ముందేసుకుని బంతి చూడకపోవడం నా జన్మలో ఇదే మొదలు. కనురెప్ప వేసి తీసేలోగా కర్ర నేల మీదుంది.

చొక్కా చేయి పొడుగు. ముంజేతి దాకా గుండీ పెట్టుకుంటాడు.

5 ఫిబ్రవరి

నడుము నొప్పి. మడత కుర్చీ పుణ్యం. అరవై ఒక్కేళ్ళకి శుక్రవారం కోసం ఎదురుచూడటం ఒక రోగం.

11 ఫిబ్రవరి, శుక్రవారం

దుమ్ము గాలి. ఆట లేదు. అన్నంలో కూడా ఇసుక.

అల్లుడు నా దగ్గరికొచ్చి కూర్చున్నాడు. ఊరికే కూర్చునే మనిషి కాదు. సంగతేమిటంటే కంపెనీ మస్కట్‌లో ఒక జట్టు కడుతోంది, వేరే కంపెనీలతో ఆడటానికి. ప్రతి క్యాంపూ ఒక మనిషి పేరు పంపాలి. జట్టులోకి తీసుకున్నవాడికి డ్యూటీ మస్కట్ స్టోర్స్‌లో. నీడలో. సాయంత్రాలు ఆట.

పేర్లు ఖాయం చేసేది హెడ్డాఫీసులో గులాం నబీ. మనుషుల కాగితాలన్నీ చూసేదీ ఆయనే, నా పాస్‌పోర్టున్న బీరువా తాళం కూడా ఆయన దగ్గరే. హైదరాబాదు మనిషి. కుర్రతనంలో లీగు ఆడేవాడట. నలభై తొమ్మిది పరుగుల దగ్గర మావారు ఈయన్ని కాళ్ళకడ్డమని అవుట్ ఇచ్చారట. నాకు గుర్తులేదు, పుస్తకంలో ఉండి ఉంటుంది. అల్లుడికి రాసిన ఉత్తరంలో ఆ ముచ్చటంతా రాసి, చివర ఇలా అన్నాడు: మీ అత్తగారు మీ దగ్గరే ఉన్నారని విన్నాను, ఆవిడ ఆ కుర్రవాణ్ణి చూసి నాలుగు మాటలు రాసి సంతకం పెడితే చాలు, ఆ ఇంటి మాట మీద నాకు నమ్మకం.

అవుట్ ఇచ్చినందుకు నమ్మకం. మనుషులు చిత్రమైనవాళ్ళు.

"నాలుగు మాటలే కదత్తయ్యా" అన్నాడు అల్లుడు.

పక్క క్యాబిన్ హుస్నా సాయంత్రం వచ్చి అసలు సంగతి చెప్పింది. ఆమె భర్త ఫక్రుద్దీన్ ఫోర్‌మన్, కడప వాళ్ళు. లచ్చన్న ఊరివాడే దేవయ్య అని ఒకడు మూడేళ్ళు ఆ క్రషర్ మీదే చేశాడట. దగ్గు పట్టుకుంది. డిసెంబరులో నెత్తురు పడితే ఇంటికి పంపేశారు. లచ్చన్న ఇప్పుడు దేవయ్య మంచం మీదే పడుకుంటున్నాడు. "ఆ పిల్లోనికీ పొద్దున పూట మొదలైంది పెద్దమ్మా. మా ఆయన చెప్తా ఉన్నాడు" అంది.

ఏమిటి మొదలైందని నేనడగలేదు.

13 ఫిబ్రవరి

రాసుకుంటున్నాను, మరిచిపోకుండా.

పరుగు: పదకొండు అడుగులు, ప్రతిసారీ పదకొండే. ఎవరూ నేర్పలేదట. మంచిది. చివరి అంగలో ఎడమ కాలు బిగుసుకుంటుంది. చాలా మంచిది. తల కదలదు. బంతి పడే చోటు: పదిలో ఏడు ఒకే చోట. ఓర్పు: తెలియదు. వేగం: మామూలు బంతికి ఓ మోస్తరు. ఆ ఒక్క బంతికి మాత్రం నేను చూసినవాళ్ళెవరికీ లేనంత. ఫక్రుద్దీన్ దానికి చుప్ బాల్ అని పేరు పెట్టాడు, అది పడ్డాక ఎవరి నోటా మాట రాదని.

చేయి: చొక్కా చేయి పొడుగు.

18 ఫిబ్రవరి, శుక్రవారం

ఐదు వికెట్లు. అందులో రెండు చుప్ బాల్‌వి. ఈసారి కళ్ళు విప్పి కూర్చున్నాను. నా చోటు నుంచి బౌలరు చేయి పూర్తిగా కనిపించాలి. కనిపించింది. అంటే చొక్కా కనిపించింది.

అంపైరుగా ఫక్రుద్దీన్ నిలబడ్డాడు. ఆయన చూసేది గీత దాటిందా లేదా అన్నంతవరకే. మోచేతిని చూడడం ఆయనకెవరూ నేర్పలేదు. ఇక్కడ అది తెలిసినదాన్ని నేనొక్కదాన్నే, నేను కంచె లోపల ఉన్నాను.

19 ఫిబ్రవరి

చొక్కా చేయి పొడుగు. అంతే.

25 ఫిబ్రవరి, శుక్రవారం

ఆట అయ్యాక లచ్చన్నను పిలిపించాను. కుర్చీ వేస్తే కూర్చోలేదు, మెట్టు మీద కూర్చున్నాడు. మా అమ్మాయి టీ ఇచ్చింది. గ్లాసు రెండు చేతులా పట్టుకుని తాగాడు. ఒకసారి తల పక్కకి తిప్పి దగ్గాడు, మర్యాదగా.

చొక్కా చేయి మడవమన్నాను.

"గది మంచిగుండదమ్మా" అన్నాడు.

"నేను పెళ్ళిచూపులకి రాలేదు. మడువు."

మడిచాడు. మోచేయి వంకర. ఎనిమిదేళ్ళప్పుడు ఎడ్లబండి మీంచి పడ్డాడట. ఊళ్ళో ఎముకలు కట్టేవాడు వెదురు బద్దలు పెట్టి కట్టాడట. "అతుకుడైతే అతికింది గని సక్కగ గాలే" అన్నాడు. బొంబాయిలో ఏజెంటు చూస్తే వాపసు పంపిస్తాడని పొడుగు చేతుల చొక్కా తొడుక్కున్నాడట. అప్పటి నుంచీ అదే అలవాటు.

అల్లుడి డ్రాయింగ్ పెట్టెలోంచి కోణమాని తెప్పించి పెట్టి చూశాను. పూర్తిగా చాచినా నూట యాభై డిగ్రీలు. ఇంకా చాచమన్నాను.

"గంతేనమ్మా. గోడకు వెట్టి నూకినా రాదు."

నాకెంత సంతోషమేసిందో ఇక్కడ రాయకపోతే ఇంకెక్కడా రాయలేను. వాడికి వివరించి చెప్పాను: బౌలింగ్ వేరు, విసరడం వేరు. వంగిన మోచేయి బంతి వదిలే ముందు చాచుకుంటే అది విసురు, నో బాల్. కానీ చేయి పుట్టుకతోనో దెబ్బతోనో వంకరగా ఉండి, ఆ వంకరతోనే బంతి వదిలితే తప్పు లేదు. చూసేవాళ్ళకి విసిరినట్టు కనిపిస్తుంది, అంతే.

చేతిని అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. "అంటే నాది తొండి గాదా అమ్మా?"

"తొండి అని ఎవరన్నారు?"

"ఎవ్వలనలే. నాకే అనుమానం."

27 ఫిబ్రవరి

రిపోర్టు సగం రాశాను. ఇంగ్లీషులోనే రాయాలి. నూట యాభై డిగ్రీలని అంకెల్లోనూ అక్షరాల్లోనూ రాశాను. అమ్మాయి చూసి, "ఇంత హుషారుగా మా పదో తరగతి సర్టిఫికెట్లయినా రాశావా అమ్మా" అంది.

ఒక ప్రశ్న మిగిలింది. చిన్నది. రేపు చూస్తాను.

28 ఫిబ్రవరి

రేపు.

1 మార్చి

తలనొప్పి.

2 మార్చి

ఆ ప్రశ్న ఇది. నూట యాభై దాటి చాచుకోదు, నిజమే. కానీ బంతి వేసేటప్పుడు ఆ నూట యాభై నుంచి ఇంకా లోపలికి వంచి, మళ్ళీ నూట యాభైకి చాస్తున్నాడా? మెట్టు మీద కూర్చున్న చేతిని కొలిచాను. పరిగెత్తుకొచ్చే చేతిని కొలవలేదు.

మావారు అంపైరింగ్ చేసినన్నాళ్ళలో విసురని పిలిచింది ఒక్కసారే. ఆ పూట అన్నం తినలేదు. తినకపోయినా పిలిచారు.

4 మార్చి, శుక్రవారం

ఆట మొదలుకాకముందే పెట్టాను పరీక్ష. చాయ్ పొడి వచ్చే చెక్కపెట్టె పలకలోంచి రెండు సన్న బద్దలు చీల్పించాను. లచ్చన్న కంచెకి ఆనుకుని నిలబడ్డాడు. హుస్నా గేటు అవతలికి వెళ్ళి, నేను చెప్పినట్టు మోచేతికి అటొకటి ఇటొకటి పెట్టి, మనవడి పొత్తిగుడ్డ పీలికలతో గట్టిగా కట్టింది. నేను ఇవతల నుంచి తీగెల్లో వేళ్ళు పెట్టి ముడులు సరిచూశాను. చేయి ఎంత వంకరగా ఉందో అంతే ఉండాలి, ఎక్కువ వంగకూడదు, అదీ లెక్క.

మామూలు బంతులు పన్నెండు వేయమన్నాను. వేశాడు. బద్దలు కదల్లేదు. పన్నెండులో పదకొండు ఒక చేటంత చోటులో పడ్డాయి. బద్దలు కట్టుకుని అలా వేసేవాణ్ణి నేనెక్కడా చూడలేదు, అసలు బద్దలు కట్టుకుని వేసేవాణ్ణే చూడలేదు. నా గుండె కుదుటపడింది.

అప్పుడు చుప్ బాల్ వేయమన్నాను.

కదల్లేదు.

"కట్టు ఉంటే గది రాదమ్మా" అన్నాడు.

"ఎందుకు రాదు?"

బంతిని ప్యాంటుకి తుడుచుకుంటూ నిలబడ్డాడు. తర్వాత పదకొండు అడుగులు పరిగెత్తి వచ్చి వేశాడు. పటుక్కుమంది. వికెట్ కాదు. బద్ద.

తర్వాత ఫక్రుద్దీన్ వచ్చి విరిగిన ముక్క తీసి చూసి, "మాల్ మంచిది కాదమ్మా, చాయ్ పెట్టె చెక్క కదా" అన్నాడు. అల్లుడు అవునన్నాడు. హుస్నా అవునంది. చెక్క మంచిది కాదని నలుగురూ ఒప్పుకున్నాక ఆట మొదలుపెట్టారు.

లచ్చన్న మాత్రం ఆ మాట అనలేదు. నా వైపు చూడనూ లేదు.

5 మార్చి

చెక్క మంచిదే.

8 మార్చి

అల్లుడితో వాదన. మనవడు నిద్రపోతున్నాడు కనక ఇద్దరం గుసగుసగా పోట్లాడుకున్నాం. గుసగుసల్లో పోట్లాడితే ఒక సుఖముంది, ఏ మాటా వెనక్కి తీసుకోనక్కర్లేదు.

అతని మాట: వాణ్ణి తీసుకునేదే ఆ ఒక్క బంతి కోసం. మస్కట్‌లో అంపైర్లు కూడా కంపెనీల్లో పనిచేసేవాళ్ళే, వాళ్ళకి మోచేతుల సంగతి పట్టదు. నా మాట: పట్టేవాడు ఒక్కడొచ్చి ఒక్కసారి పిలిస్తే, వందలమంది ముందు వాడు దొంగవుతాడు. మర్నాడు మళ్ళీ క్రషర్.

"మీరు రాయకపోతే మర్నాడు కాదత్తయ్యా, రేపే క్రషర్" అన్నాడు.

"అంపైర్లకే పట్టనప్పుడు నా సంతకం దేనికి?"

"మీ సంతకం ఉంటే ఎవరూ అడగరు కాబట్టి."

అబద్ధమాడలేదు పాపం. అల్లుళ్ళలో అది గొప్ప గుణమే.

రిపోర్టులో రెండో సగం రాశాను. రాసింది రాసినట్టు మూడుసార్లు చదివాను. దేవయ్య మంచం గురించి రిపోర్టులో రాయడానికి చోటు లేదు. రాయాల్సింది చేయి గురించి.

10 మార్చి, గురువారం

ఫక్రుద్దీన్ బండి సరుకుల కోసం మస్కట్ వెళ్తోంది. లచ్చన్న దాన్లోనే. ఎవరి ఉత్తరం వాళ్ళే తీసుకెళ్ళి గులాం నబీ చేతికివ్వాలి, అక్కడ ఆయన స్వయంగా చూసుకుంటాడు. అల్లుడు రాశారా అన్నాడు. రాశానన్నాను. ఏం రాశారని అడగలేదు. అడిగితే తెలుస్తుందని.

కుర్రవాడికి ఇంగ్లీషు రాదు. తన గురించి రాసింది తనకి తెలియకుండా మోసుకుపోవడం నాకు నచ్చలేదు. కవరు అంటించకముందే మెట్టు మీద కూర్చోబెట్టి తెలుగులో చదివి వినిపించాను. పరుగు, కాలు, తల. మామూలు బంతి ఎన్నిసార్లు వేసినా ఒకే చోట వేస్తాడు. చేయి దెబ్బ వల్ల వంకర, అది తప్పు కాదు. ఆ తర్వాతది కూడా. అన్నిటికన్నా వేగంగా వేసే ఆ ఒక్క బంతి విసురు. అది వేయనంతవరకు ఇతను నిజాయితీ అయిన బౌలరు, వేస్తే కాదు.

విన్నాడు. "గా ఒక్క ముచ్చట తీసెయ్యుండ్రి అమ్మా" అన్నాడు.

తీయనన్నాను.

"మీకేం పోతది?"

నిజానికి నాకేమీ పోదు. అదే చెప్పాను. "నాకేమీ పోదు. అందుకే తీయకూడదు. నువ్వు ఆ బంతి వేయకు. మిగతాది చాలు."

"చాల్తదా?"

ఈ ప్రశ్నకి ముప్ఫై రెండేళ్ళ సర్వీసులో నేను నేర్చుకున్న జవాబు ఒకటుంది: కష్టపడితే చాలుతుంది. అది నోటిదాకా వచ్చింది. వాడు మళ్ళీ తల తిప్పి దగ్గుతున్నాడు. ఆ మాట మింగేశాను.

"తెలియదు" అన్నాను.

కవరు అంటించి వాడి చేతికిచ్చాను. రెండు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకుని, గుండీ పెట్టుకున్నాడు. బండి దుమ్ములో కలిసిపోయేదాకా కంచె దగ్గర నిలబడ్డాను. మస్కట్ దాకా నూట డెబ్భై మైళ్ళు దాటుతుంది. దారి పొడుగునా ఎవరూ చూడరు. కవరు చించి పారేయడానికి అంత దూరం అక్కర్లేదు.

12 మార్చి

కబురు లేదు.

14 మార్చి, సోమవారం

వైర్‌లెస్‌లో గులాం నబీ. అల్లుడు ఒక చీటీ మీద రాసుకుని తెచ్చాడు. ముఖం వెలిగిపోతోంది. కుర్రవాడు చేరాడు. శుక్రవారం మ్యాచ్‌లో ఆడుతున్నాడు. అమ్మగారి పాస్‌పోర్టుకి ముద్ర పడింది, శనివారం బొంబాయి విమానంలో సీటు చెప్పాం. గురువారం కెప్టెన్‌తో కలిసి రావాలి. శుక్రవారం స్కోరు ఆవిడే రాయాలి, ఆ కుర్రవాడి సంగతి ఆవిడ నోటితో వినాలనుంది.

అమ్మాయి ఏడ్చింది. అల్లుడు నవ్వాడు. నేను చీటీ మళ్ళీ చదివాను.

ఉత్తరం మాటే లేదు.

నా ఉత్తరం చదివినవాడు లచ్చన్నను ఆడించడు. ఆడిస్తున్నాడు కనక చదవలేదు. చదవలేదు కనక అందలేదు. అందలేదు కనక వాడు ఇవ్వలేదు. ఎక్కడా సందు లేని లెక్క. బోర్డు మీద రాసి కింద రెండు గీతలు గీయొచ్చు.

కోపం రావాలి కదా. రాలేదు. నీడలో డ్యూటీ చేస్తున్నాడు, నాలుగు రోజులైంది, దుమ్ము లేదు. అదే అనుకుంటున్నాను.

15 మార్చి

పెట్టె సర్దాను. ఆరు చీరలు, అమ్మాయి ఇచ్చిన ఖర్జూరం పొట్లాలు.

వెళ్తే ఏమవుతుందంటే: గులాం నబీ నన్ను పక్కన కుర్చీ వేసి కూర్చోబెడతాడు. ఏమంటారమ్మా మీరు, అని అడుగుతాడు. నేను చెప్పకుండా ఉండలేను. లచ్చన్న ఆ బంతి వేస్తాడు, వేయకుండా ఎలా ఉంటాడు, అంత దూరం వెళ్ళింది దానికోసమేగా. నా కళ్ళ ముందు వేస్తాడు. నా పుస్తకంలో నేనే రాయాలి.

16 మార్చి

మనవడికి ఒళ్ళు వెచ్చగా ఉంది. తొంభై ఎనిమిదిన్నర. నాకు తొంభై తొమ్మిది అనిపిస్తోంది.

17 మార్చి, గురువారం

వెళ్ళలేదు.

పిల్లవాడికి జ్వరం తగిలేలా ఉంది, పళ్ళొచ్చే వయసు, బాలింతని ఒక్కదాన్ని వదిలి ఎలా వెళ్తానన్నాను. అమ్మాయి థర్మామీటర్ చూసింది, తర్వాత నన్ను చూసింది. అల్లుడు ఈ ముద్ర ఈ శనివారం దాకానే పనిచేస్తుందనీ, మళ్ళీ మొదటి నుంచీ దరఖాస్తు పెట్టాలనీ, వేసవిలో సగం ఆఫీసు సెలవులో ఉంటుందనీ రెండుసార్లు చెప్పాడు. సెప్టెంబరు అవుతుందట. తెలుసన్నాను. హారన్ కొట్టుకుంటూ వెళ్ళిపోయాడు.

హుస్నా గుమ్మంలో నిలబడి, "పోతా పోతా అని ఇన్నాళ్ళూ నా చెవులు తిన్నావు. బండి గేటు కాడికొస్తే ఎక్కకపోతివి. ఏమైంది పెద్దమ్మా నీకు?" అంది.

ఏమీ కాలేదన్నాను. మూల నుంచి మూలకి ఇరవై సార్లు నడిచాను. పరవాలేదు. నేను లేకపోతే ఎవరూ చూడరు. చూసేవాళ్ళు లేకపోతే విసురు లేదు. నీడలో పనిచేస్తాడు. సెప్టెంబరు ఎంతలో వస్తుంది.

18 మార్చి, శుక్రవారం

కంచె అవతల ఆట లేదు. అందరూ రేడియోల దగ్గర. మస్కట్ మ్యాచ్ రేడియోలో రాదని నేను చెబితే ఎవరూ నమ్మలేదు.

మనవడు పొద్దున్నుంచీ నవ్వుతున్నాడు. తొంభై ఎనిమిది.

19 మార్చి, శనివారం

మధ్యాహ్నం అల్లుడు వచ్చాడు. ఆ వేళకి నేను గాలిలో ఉండాలి.

ఓడిపోయారు, నాలుగు వికెట్ల తేడాతో. లచ్చన్న పదకొండు ఓవర్లు, ఇరవై నాలుగు పరుగులు, ఒక వికెట్. చుప్ బాల్ ఒక్కటీ వేయలేదు.

ఒక్కటంటే ఒక్కటీ వేయలేదట. చివర్లో అల్లుడు గట్టు మీంచి చెయ్యి ఊపి సైగ చేశాడట, మస్కట్ కెప్టెన్ వెళ్ళి చెవిలో చెప్పాడట, అయినా వేయలేదట. అల్లుడికి ఇంకా మంట తగ్గలేదు. "గెలిచే మ్యాచ్ అత్తయ్యా. చెవుడేమో వాడికి" అన్నాడు.

తర్వాత జేబులోంచి గులాం నబీ ఇచ్చిన కాగితం తీశాడు. ఇంగ్లీషు మంచి దస్తూరి. అమ్మగారికి నమస్కారం. మీ రిపోర్టు కుర్రవాడు చేరిన సాయంత్రమే నా చేతికిచ్చాడు, ఇందులో నాకు నష్టం చేసే మాట ఒకటుంది అని తానే చెప్పి ఇచ్చాడు. ఆ ఒక్క బంతి తీసేసినా ఓవరులో మిగిలిన ఐదూ ఒకే చోట వేస్తాడని మీరు రాశారు, మాకు కావలసింది అదే. వేగంగా వేసేవాళ్ళు నా దగ్గర ఇద్దరున్నారు. కుర్రవాణ్ణి స్టోర్స్‌లో ఉంచుకుంటున్నాం, ఛాతీకి ఎక్స్‌రే తీయించాను. మీరెందుకు రాలేదో తెలియలేదు.

"మీరు రాలేదా అని మూడుసార్లు అడిగాడు లచ్చన్న" అన్నాడు అల్లుడు. "మైదానం పక్కన, బౌలర్‌కి అడ్డంగా, కుర్చీ వేయించాడట మీకోసం. సాయంత్రందాకా ఖాళీగా ఉంది. ఎవర్నీ కూర్చోనివ్వలేదు."

నా లెక్కలో మొదటి వాక్యం తప్పు. మిగతావన్నీ సరిగ్గానే ఉన్నాయి. పిల్లలు ఇలాంటి తప్పు చేస్తే సున్నా వేసేదాన్ని, మొదటి వాక్యం రుజువు చేయకుండా ఎలా మొదలుపెట్టావే అని.

చేతిని చూశాను, కాలిని చూశాను, తలని చూశాను. బద్దలు కట్టి చూశాను. వాడు ఉత్తరం ఇస్తాడా ఇవ్వడా అన్నది చూడలేదు.

20 మార్చి

ఏమీ లేదు.

22 మార్చి, మంగళవారం

కొత్త దరఖాస్తు కాగితం వచ్చింది. పేరు, తండ్రి పేరు, భర్త పేరు, పాస్‌పోర్టు నంబరు. చివర ఒక గడి: వెనకటి అనుమతి ఎందుకు ఉపయోగించుకోలేదో కారణం.

పొద్దున్న నుంచీ ఆ గడి దగ్గరే ఉన్నాను. పెన్సిల్‌తో రెండు మూడు రాసి చెరిపాను. నిజం రాయాలంటే ఆ గడి చాలదు, ఈ పుస్తకం కావాలి. ఖాళీగా వదిలేస్తే కాగితం వెనక్కొస్తుందట.

అల్లుడు డ్యూటీకి వెళ్తూ గుమ్మంలో ఆగాడు. "ఆరోగ్యం బాగాలేదని రాసెయ్యండత్తయ్యా. అందరూ అదే రాస్తారు. ఎవరూ చూడరు."

నాకు ఆరోగ్యం భేషుగ్గా ఉంది. రోజుకి ఇరవై సార్లు మూల నుంచి మూలకి నడుస్తాను.

రాశాను. అల్లుడు చెప్పిన మాటే. కింద సంతకం పెట్టాను. ఇంగ్లీషులో, పూర్తి పేరుతో, గులాం నబీకి నమ్మకమున్న సంతకం.